పాత సంపుటాలకు కొత్త వెల

నిజాము కొలువులోని అరబ్బు సైనికులు నివసించిన 'బారక్సు'లే నేటి బార్కస్. ఆ చరిత్ర శోధించు అక్కడి విద్యార్థికి 1927లో హైదరాబాదున ఆరంభమైన 'ఇస్లామిక్ కల్చర్' వంటి పాత పత్రికలు కావలసివచ్చును. పండిత సంఘాలు ఇట్టి సంపుటాలను కంప్యూటరున కెక్కించి, వ్యాసమున కింత అని అమ్ముట సమంజసమా? పుటలను ఛాయాచిత్రాలుగా తీయుటకు ఖర్చగును, నిజమే. కాని ఒకసారి తీసిన ప్రతిని వేయిమంది చదివినను అదనపు వ్యయము స్వల్పము. పైగా, వంకాయనైనను చూచి కొందుము. వ్యాసము పనికివచ్చునో లేదో చదివినగాని తెలియదు! 1665లో ఆరంభమైన పత్రికను నడుపుచున్న లండను రాయల్ సొసైటీ, 70 ఏండ్లు దాటిన వ్యాసాలను 2011లో ఉచితము చేసినది. బెంగుళూరులోని భారత విజ్ఞాన అకాడమీ 1934 నాటి సంచికలను సైతము ఉచితముగా చదువనిచ్చుచున్నది. అచ్చుప్రతికి వెల పుచ్చుకొనవచ్చును. అంతటి ఔదార్యము చూపలేని సంఘము విషయసూచికను, ప్రతి వ్యాసపు మొదటి పుటనైనను ఉచితముగా చూపవలెను.