వాజిమా గిన్నె: పూత కింది పనితనం

జపాన్ పశ్చిమ తీరంలో సముద్రంలోకి పొడుచుకొచ్చిన నోటో ద్వీపకల్పానికి వెళ్లేవాళ్లు ముందుగా షిరోయోనే దగ్గర అలల అంచు దాకా దిగే వెయ్యికి పైగా బుల్లి వరిమడులు చూస్తారు. చూడాల్సినవే. కానీ ఒక్క పూటే తీరిక ఉంటే దాన్ని పక్కనే ఉన్న వాజిమా పట్టణంలో ఒక చారు గిన్నెకు ఇవ్వమంటాను.

ఆ గిన్నె మీది పూత ఉరుషి. మన ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగు ఇచ్చేది; ఇది చెట్టుకు గాటు పెడితే కారే పాలు. పచ్చిగా ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. నల్లగానో ఎర్రగానో మెరిసే పైపూత చూసి మురిసిపోతాం గానీ, వాజిమా ఘనతంతా దాని అడుగున ఉంది. తరిణె పట్టిన కొయ్య గిన్నెకు అంచు, అడుగు బలహీనమైన చోట్లు. అక్కడ ముందు ఉరుషితో గుడ్డ అతికిస్తారు. ఆపైన స్థానికంగా దొరికే డయాటమ్ మట్టిని కాల్చి, పొడిచేసి, ఉరుషిలో కలిపి పూస్తారు. సూక్ష్మజీవుల గుల్లలతో ఏర్పడిన మట్టి కదా, రేణువు రేణువునా రంధ్రాలే. ఉరుషి వాటిలోకి ఇంకి బిగుసుకుంటుంది. ముతక పొడితో మొదలై పూత పూతకూ మెత్తనవుతుంది. మధ్యలో రాయితో, నీళ్లతో నూరడం. విచిత్రమేమిటంటే, ఉరుషి గట్టిపడటానికి ఎండ పనికిరాదు, తేమ కావాలి. అందుకే గిన్నెల్ని చెమ్మగా ఉంచిన అరల్లో పెడతారు.

చివరి పూత దుమ్ము లేని గదిలో. కుంచె మనిషి వెంట్రుకలతో చేసింది. చెక్కల మధ్య పొడవునా వెంట్రుకలు ఉంటాయి, అరిగితే పెన్సిల్ చెక్కినట్టు చెక్కుకోవడమే. పూత మీద వాలిన నలుసును పక్షి ఈక మొనతో ఏరేస్తారు. మొత్తం వందకు పైగా దశలు. కొయ్యపని, అడుగుపూత, నూరుడు, పైపూత వేరువేరు చేతుల్లో సాగుతాయి. గీతలు చెక్కి బంగారం నింపే చిన్‌కిన్ కూడా గొప్పదే. అయినా నా ఓటు కనపడని అడుగుపూతకే. 1977లో జపాన్ ప్రభుత్వం ఈ విద్యను ముఖ్యమైన అమూర్త సాంస్కృతిక సంపదగా గుర్తించింది.

2024 జనవరి 1న 7.6 తీవ్రతతో వచ్చిన భూకంపం ఇక్కడి ఇళ్లను, పనిశాలలను కూల్చింది. పేరుపొందిన ఉదయపు సంత వీధి మంటల్లో కాలిపోయింది. కాబట్టి వెళ్లేముందు ఏ పనిశాల తెరిచి ఉందో కనుక్కోండి. కనజావా నగరం దాకా షింకన్‌సెన్ బుల్లెట్ రైలు, అక్కణ్ణుంచి బస్సు. గిన్నె కొంటే మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి. అంచు పెచ్చు లేస్తే పారేయకండి. వాజిమాలో మళ్లీ పూత వేసి ఇస్తారు.