తుపాకీ పక్కన నాగలి ఏది?

ఆశ్వయుజ పున్నమికి జోడేఘాట్ పోయి కొమురం భీం విగ్రహానికి మొక్కి వస్తాం. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద కూడా ఆయన నిలబడి ఉన్నాడు. రాజధాని నడిబొడ్డున ఒక గోండు వీరుడికి చోటు దొరకడం చిన్న గెలుపు కాదు. అయినా మొక్కడంతో ఆగిపోకుండా ఆ బొమ్మను ఒకసారి నిదానంగా చూడాలి.

మన కూడళ్లలో ఎక్కువగా కనిపించేది తుపాకీ పట్టిన భీం. ఆయన ధైర్యం తెలుస్తుంది, కోపం తెలుస్తుంది. ఆ కోపం దేనికో తెలియదు. పోడు భూముల నుంచి అటవీ అధికారులు వెళ్లగొట్టడం, పశువుల మేతకు పన్ను గుంజడం, మనం దున్నిన నేల బయటివాళ్ల పాలు కావడం ఆ బొమ్మలో లేవు. 1940లో జోడేఘాట్‌లో ఆయనతోపాటు నేలకొరిగినవాళ్లూ లేరు. పన్నెండు గూడేల పోరాటం ఒక్క మనిషి సాహసంగా మిగిలింది.

ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో జేమ్స్ కానలీ కంచు విగ్రహం ఉంది. ఆయన కార్మిక నాయకుడు. 1916 ఈస్టర్ తిరుగుబాటులో గాయపడ్డాడు. నిలబడలేని ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి మే 12న బ్రిటిష్ సైన్యం కాల్చిచంపింది. 1996లో పెట్టిన విగ్రహంలో ఆయన నిలబడే ఉన్నాడు. చేతిలో తుపాకీ లేదు. వెనుక నక్షత్రాల నాగలి ఉంది. అది ఆయన నడిపిన కార్మిక సేన జెండా గుర్తు. ఎవరి కోసం ప్రాణమిచ్చాడో అక్షరం రానివాళ్లకూ అర్థమవుతుంది.

మన గోండు పెద్దలూ ఆకాశంలో వరుసగా ఉండే మూడు చుక్కల దగ్గర నాగలిని చూపిస్తారు. భీం పక్కన ఆ నాగలి ఎందుకు ఉండకూడదు?

ఇంద్రవెల్లి చూడండి. 1981 ఏప్రిల్ 20 కాల్పుల్లో చనిపోయినవాళ్ల స్తూపానికి ముఖం లేదు. అందుకే అందులో అందరికీ చోటుంది.

తుపాకీ తీసేయమని నేననను. అది చరిత్రను దాచడమే. గద్దె మీద పన్నెండు గూడేల పేర్లు, వాళ్లు అడిగిన హక్కులు గోండీలో, కొలామీలో, తెలుగులో చెక్కించమని అడుగుదాం. అందాకా ఆ పని టీచర్లదే. పిల్లలను విగ్రహం దగ్గరికి తీసుకుపోతే ముందు చుట్టూ ఉన్న చేన్లు చూపండి. ఈ నేల పట్టా ఎవరి పేరున ఉందో అడగండి. భీం పాఠం అక్కడే మొదలవుతుంది.