కట్టడం - ఛాయాచిత్రం: మదన్ మహట్టా చూపిన ఢిల్లీ

ఢిల్లీలో కెమెరా పట్టినవారి చూపు సాధారణంగా కుతుబ్ మినార్ వద్దనో, హుమాయూన్ సమాధి వద్దనో, ఇండియా గేట్ వద్దనో నిలుస్తుంది. ఆ కట్టడాలు ఆ గౌరవానికి తగినవే. అయితే ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడాన్ని మరొకసారి చిత్రించడం వల్ల దానికి కలిగే మేలు స్వల్పం. రక్షణ లేని కట్టడానికి మాత్రం ఛాయాచిత్రం ఒక్కొక్కప్పుడు చివరి ఆధారమవుతుంది. స్వాతంత్ర్యానంతరం రాజధానిలో వెలసిన ఆధునిక భవనాల విషయంలో ఈ సత్యాన్ని మదన్ మహట్టా (1932-2014) చిత్రాలు స్పష్టం చేస్తున్నాయి.

కట్టడాల ఛాయాచిత్రణ మన దేశానికి కొత్త కాదు. 1858లో ఢిల్లీకి వచ్చిన ఫెలీచే బియాటో, తిరుగుబాటు నాటి గుండ్ల దెబ్బలు తిన్న కాశ్మీరీ గేటును చిత్రించాడు. అది విజేతల పక్షాన నిలిచిన చూపు. తరువాతి తరంలో లాలా దీన్ దయాళ్ మధ్య భారతంలోని ప్రాచీన నిర్మాణాలను చిత్రించి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై హైదరాబాదు వైభవాన్ని గాజు పలకలపై నిలిపాడు. ఆయన గాజు నెగటివ్‌లు పెద్దసంఖ్యలో నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. బియాటో సైన్యం వెంట నడిచాడు. దీన్ దయాళ్ ఆస్థానాన్ని ఆశ్రయించాడు. మహట్టాకు పని అప్పగించినవారు స్వతంత్ర భారత వాస్తుశిల్పులు.

మహట్టా కుటుంబం 1915లో శ్రీనగర్‌లో నెలకొల్పిన స్టూడియో దేశ విభజన తరువాత ఢిల్లీ కనాట్ ప్లేస్‌లో స్థిరపడింది. ఇంగ్లండులోని గిల్డ్‌ఫర్డ్‌లో ఛాయాచిత్రకళ అభ్యసించి తిరిగివచ్చిన మదన్, 1950వ దశకం నుండి దాదాపు మూడు దశాబ్దాలపాటు అచ్యుత్ కన్విందే, హబీబ్ రహమాన్, జోసెఫ్ స్టైన్, రాజ్ రేవాల్, కుల్దీప్ సింగ్ వంటివారి నిర్మాణాలను చిత్రించారు. ఈ చిత్రాలను హబీబ్ రహమాన్ కుమారుడు, స్వయంగా ఛాయాచిత్రకారుడు అయిన రామ్ రహమాన్ 2012లో ఢిల్లీలోని ఫొటోఇంక్ చిత్రశాలలో ప్రదర్శనగా కూర్చారు. అంతవరకు వృత్తిపనిగా భావించబడిన చిత్రాలు అప్పుడు ఒక యుగపు చరిత్రగా కనిపించాయి.

ఈ నలుపు తెలుపు చిత్రాల బలం ఎండను వాడుకున్న తీరులో ఉంది. ఉత్తర భారతపు తీక్షణమైన వెలుగు కాంక్రీటు మీద పడి గాఢమైన నీడలను గీస్తుంది. మహట్టా ఆ నీడలను తగ్గించే ప్రయత్నం చేయలేదు. వాటితోనే గోడ మందాన్ని, కప్పు బరువును, జాలీల లోతును తెలియజేశారు. రంగు లేకపోవడం ఇక్కడ లోపం కాదు. నిర్మాణంలోని తర్కం కంటికి సూటిగా అందడానికి అది తోడ్పడింది.

ఈ పద్ధతి శ్రేష్ఠంగా ఫలించినది ప్రగతి మైదానంలోని హాల్ ఆఫ్ నేషన్స్ చిత్రాలలో. స్వాతంత్ర్య రజతోత్సవ సంవత్సరమైన 1972లో జరిగిన ఆసియా అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన కోసం రాజ్ రేవాల్ రూపకల్పనలో, మహేంద్ర రాజ్ ఇంజనీరింగ్ ప్రతిభతో అది వెలసింది. మధ్యలో స్తంభమన్నది లేకుండా 78 మీటర్ల వెడల్పును కప్పిన త్రిభుజాకార కాంక్రీటు అల్లిక అది. ఇతర దేశాలలో ఉక్కు గొట్టాలతో నిర్మించే అటువంటి చట్రాన్ని ఇక్కడ కూలీల చేతులతో కాంక్రీటు పోసి నిలిపారు. పేద దేశం తన కొరతనే తన శైలిగా మలచుకున్న అరుదైన సందర్భమది. ఆ అల్లిక గుండా వెలుగు త్రికోణాలుగా రాలడం మహట్టా చిత్రాలలో నేటికీ చూడవచ్చు.

నేడు చిత్రాలలో మాత్రమే చూడగలం. 2017 ఏప్రిల్‌లో ఒక రాత్రి వేళ ఆ భవనాన్ని కూల్చివేశారు. అరవై ఏళ్లు నిండని కట్టడం వారసత్వ సంపదగా పరిగణనకు రాదన్న ప్రమాణం ముందు, నలభై అయిదేళ్ల ఆ నిర్మాణం తరఫున దేశ విదేశాల వాస్తుశిల్పులు చేసిన విజ్ఞప్తులు నిలవలేదు. ఆ ప్రాంగణంలో వెలసిన భారత్ మండపం 2023లో జి-20 శిఖరాగ్ర సమావేశానికి వేదికయింది. కొత్త అవసరాలకు కొత్త భవనాలు కావలసిందే. కాని విశిష్టతను వయసుతో మాత్రమే కొలిచే ప్రమాణం, తన కాలపు సృష్టి పాతబడేవరకు బతకడానికి అవకాశమివ్వదు.

ఇక్కడే మహట్టా చిత్రాల పరిమితిని కూడా చెప్పుకోవాలి. వాస్తుశిల్పి కోరికపై తీసిన చిత్రం కట్టడాన్ని దాని పెళ్లినాటి అలంకారంలో చూపుతుంది. గోడకు మరక ఉండదు. ఆవరణలో జనసమ్మర్దం ఉండదు. మనిషి కనిపిస్తే అది తరచు పరిమాణం తెలియజేయడానికే. హాల్ ఆఫ్ నేషన్స్ నగరవాసులకు ప్రియమైనది జ్యామితి వల్ల మాత్రమే కాదు. పుస్తక ప్రదర్శనలకు, వాణిజ్య ప్రదర్శనలకు పిల్లాపాపలతో వచ్చిన అసంఖ్యాక కుటుంబాల జ్ఞాపకాల వల్ల కూడా. భవనం రూపాన్ని కాపాడిన చిత్రం, భవనంతో ప్రజలకున్న బంధాన్ని కాపాడలేకపోయింది. కూల్చివేత ప్రశ్న తలెత్తినప్పుడు నిపుణుల గొంతు వినిపించినంతగా సామాన్యుల గొంతు వినిపించకపోవడానికి ఇదీ ఒక కారణమేమో ఆలోచించాలి.

ఇది ఢిల్లీకి పరిమితమైన విషయం కాదు. హైదరాబాదులో 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్ సచివాలయ ప్రాంగణంతో పాటు 2020లో నేలమట్టమయింది. అక్కడ వయసు కూడా కట్టడాన్ని రక్షించలేదు. కనుక ఛాయాచిత్రకారుడు చార్మినార్‌తో పాటు తన వీధి చివరి గ్రంథాలయాన్ని, కళాశాలను, బస్ స్టేషన్‌ను కూడా చూడాలి. వాటిని ఖాళీగా కాక, జనంతో నిండినప్పుడు చూడాలి. కూలిన భవనానికి చిత్రం ప్రత్యామ్నాయం కాదు. కాని నిలిచి ఉండగానే తీసిన చిత్రం, ఆ భవనం తమదని పదిమందికి గుర్తుచేయగలదు. మహట్టా నేర్పిన చూపును ఆ దిశగా కొనసాగించడమే ఆయనకు తగిన నివాళి.