గంటగోపురం కింద నేల

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా కుందూ పరీవాహకంలో ఎక్కువ భాగం నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలిస్తుంది. 1850లలో ముత్యాలపాడులో, ఆ తర్వాత నంద్యాలలో స్థిరపడిన ఎస్.పి.జి. (సువార్త వ్యాప్తి సంఘం) మిషనరీలు చర్చిలు కట్టుకోవలసి వచ్చింది ఈ సీమలోనే. పాత చర్చిల గురించి రాసేవాళ్లు కమానులు, రంగుటద్దాల దగ్గరే ఆగిపోతున్నారు. విమర్శ పునాది నుంచి మొదలు కావాలంటాను.

ఉదాహరణకు, ఫిలిప్పీన్స్‌లోని పావోయ్ చర్చిని మన మెదక్ చర్చి పక్కన పెట్టి చూడండి. పావోయ్‌ది భూకంపాల నేల. 1694లో మొదలై 1710లో పూర్తయిన ఆ చర్చి గోడలకు బయటి నుంచి 24 భారీ ఆనుడు గోడలు కట్టారు. గంటగోపురాన్ని విడిగా, దూరంగా నిలబెట్టారు. కూలినా చర్చి మీద పడకూడదని. అక్కడ భయమే శిల్పమైంది. ఆ మందపాటి గోడల్ని మొరటువి అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ నేలకు అంతకన్నా నిజాయితీ గల రూపం లేదు.

మెదక్‌లో సుమారు 175 అడుగుల గోపురం చర్చి ముందుభాగంలోనే కలిసి లేచింది. గట్టి రాతినేల, పెద్ద భూకంపాల బెడద లేదు. అక్కడి ఆపద కరువు. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పనికి తిండి పెట్టి జనాన్ని బతికిస్తూ కట్టించిన చర్చి అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోథిక్ రూపం ఇంగ్లండు నుంచి వచ్చింది కాబట్టి కరువు జాడ ఆ రూపంలో కనిపించదు. రాయి మోసిన చేతుల్లో ఉంది. ఆపదకు రూపంలోనే జవాబివ్వడంలో పావోయ్‌దే పైచేయి. మనుషుల్ని నిలబెట్టడంలో మెదక్‌ది.

నంద్యాల సీమకు కరువు ఆపదా ఉంది, కదిలే నేల ఆపదా ఉంది. 1876-78 ధాత కరువు కర్నూలు జిల్లాను తుడిచిపెట్టింది. కాళ్ల కింద చూస్తే రేగడి. దాని మీద బరువైన గోపురాన్ని, తేలికైన హాలును ఒకే కట్టడంగా కలిపితే రెండూ ఒకేలా కుంగవు. కలిసేచోట గోడ బీటలిస్తుంది. పునాది గట్టి పొర దాకా దిగాలి, లేదా గోపురం తగ్గాలి.

నంద్యాల, ఆళ్లగడ్డ సంఘ పెద్దలకు ఒక విన్నపం. పాత గోడల బీటల్ని సిమెంటుతో పూడ్చేముందు అవి ఏ నెలలో తెరుచుకుంటున్నాయో ఏడాది పాటు రాసిపెట్టండి. వాననీరు పునాది పక్కన నిలవకుండా కాలువ తీయండి.