చార్టు చెప్పనిది చెవి చెబుతుంది

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ వారాంతానికి అనంతపురం వచ్చే కుర్రాళ్లలో హెవీ మెటల్ వినేవాళ్లు ఇద్దరు ఎదురుపడ్డారంటే తగాదా ఖాయం. ఫలానా బ్యాండు అసలు మెటలేనా? ముందు మొదలుపెట్టింది ఎవరు? చార్టుల్లో ఎవరిది పైచేయి? ఈ మూడూ ఒక పట్టాన తేలవు. తేలకపోయినా నష్టం లేదు. ఇష్టమైన సంగీతం గురించి గట్టిగా వాదించుకోవడం మంచి అలవాటు, దాన్ని నేర్పుగా చెయ్యాలి. చిక్కంతా ఆ వాదనలో ముందుకు తెచ్చే సాక్ష్యాలతోనే.

అందరూ మొదట తీసేది చార్టు. 1980లో వచ్చిన ఏసీ/డీసీ ఆల్బమ్ ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగో స్థానం దాటి పైకి వెళ్లలేదు. మరుసటి ఏడాది వాళ్లదే ‘ఫర్ దోజ్ అబౌట్ టు రాక్’ మొదటి స్థానం కొట్టింది. ఇవాళ ఒక్క అమెరికాలోనే రెండున్నర కోట్ల ప్రతుల లెక్క దాటింది మాత్రం ఆ నాలుగో స్థానం ఆల్బమే. రెండోది దాని దరిదాపుల్లో కూడా లేదు.

ఇంకో సంగతి. 1991 మే దాకా బిల్‌బోర్డ్ పట్టికకు ఆధారం దుకాణాలవాళ్లు ఏది బాగా అమ్ముడవుతోందని చెబితే అదే. ఆ నెల నుంచి సౌండ్‌స్కాన్ పద్ధతిలో బార్‌కోడ్ చూసి లెక్కపెట్టడం మొదలైంది. జూన్‌లో స్కిడ్ రో ఆల్బమ్ ‘స్లేవ్ టు ది గ్రైండ్’ నేరుగా మొదటి స్థానంలో అడుగుపెట్టింది. ఆగస్టులో వచ్చిన మెటాలికా నల్లట్ట ఆల్బమ్ కూడా అంతే. మెటల్ వినేవాళ్లు రాత్రికి రాత్రి పుట్టుకురాలేదు, ఎప్పటి నుంచో ఉన్నారు. వాళ్లను లెక్కలోకి తీసుకున్నది అప్పుడు.

అంకె ఎంత చెబుతుందో, ఎంత దాస్తుందో ఈ జిల్లాకు వేరే చెప్పాలా? ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర సగటు వాన కాగితం మీద నిండిపోవచ్చు. వేరుశనగ ఊడలు దిగే వేళ చినుకు పడకపోతే ఆ నిండిన అంకె ఏ రైతుకు పనికొచ్చింది?

కాబట్టి చార్టును కాసేపు పక్కన పెట్టి, ఆ సంగీతం ఎలా పుట్టిందో చూడాలి. 1970 ఫిబ్రవరి 13న విడుదలైన బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్‌తోనే హెవీ మెటల్ మొదలైందని ఈ కాలమ్ నిస్సందేహంగా నమ్ముతుంది. లెడ్ జెప్పెలిన్, డీప్ పర్పుల్ అభిమానులు ఒప్పుకోరు. వాళ్లు ఒక్కసారి ఆ ఆల్బమ్ మొదటి పాట, బ్యాండు పేరే పెట్టుకున్న పాట, మళ్లీ వినాలి. వాన, దూరంగా గంట, ఆ తర్వాత గిటార్ మీద మూడే స్వరాలు. షడ్జమం, పై షడ్జమం, ఆ రెంటికీ సరిగ్గా నడుమన ప్రతిమధ్యమం. ఆ మూడో స్వరం మీద టోనీ అయోమీ వేలు వణికిస్తాడు. షడ్జమానికీ ఈ స్వరానికీ మధ్య ఉన్న ఎడాన్ని ఐరోపా సంగీతకారులు సైతానుకు అంటగట్టారు. మనకేమో అదే ప్రతిమధ్యమం కల్యాణి రాగానికి ప్రాణం, 72 మేళకర్తల్లో సగానికి ఆధారం. మరి భయమెక్కడిది? స్వరంలో కాదు. నింపాదిగా సాగే నడకలో, చుట్టూ ఏ స్వరమూ తోడు లేకుండా వదిలెయ్యడంలో, యాంప్లిఫయర్ గరగరలో ఉంది. బ్లూస్ నుంచి విడిపోయి వేరే సంగీతం మొదలైంది సరిగ్గా అక్కడే.

అయోమీ చేతి సంగతి కూడా ఈ వాదనలోకి రావాల్సిందే. బర్మింగ్‌హామ్‌లో ఇనప రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ పదిహేడేళ్ల వయసులో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం మనిషి, తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అంటించాడు, పల్చటి తీగలు వేశాడు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కి వచ్చేసరికి శ్రుతి బాగా దించేశాడు. తీగ వదులైంది, నాదం బరువెక్కింది. తర్వాత తరాలు ఆ బరువునే పట్టుకున్నాయి. చార్టు కావాలన్నవాళ్లకు అదీ ఉంది: ‘పారనాయిడ్’ 1970లో బ్రిటన్‌లో మొదటి స్థానం, మళ్లీ మొదటి స్థానానికి ఆ బ్యాండు 2013 దాకా ఆగింది. మధ్యలో ఉన్న నాలుగు దశాబ్దాల్లో వాళ్ల ప్రభావం తగ్గిందని ఎవరైనా అనగలరా?

మోటర్‌హెడ్ నాయకుడు లెమ్మీ తమది రాక్ అండ్ రోల్ మాత్రమేనని చివరిదాకా పట్టుబట్టాడు. ఆయన మాటను గౌరవించాలి. కానీ వాళ్ల వేగం లేకపోతే థ్రాష్ మెటల్ లేదు. వాయించేవాడు పెట్టుకున్న పేరుకన్నా, విన్నవాడు దానితో ఏం చేశాడన్నదే బలమైన సాక్ష్యం.

ఉరుముల వాద్యం మోగిన ఈ నేలకు మోత కొత్త కాదు. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది, అనంతపురానికి రెండు వందల కిలోమీటర్ల దూరంలో. వేలమంది వచ్చారు. ఇంతమంది ఉన్నారని అంతకుముందు మన దేశంలో ఏ చార్టూ చెప్పలేదు.

మన తెలుగు బ్యాండ్ల మాట వచ్చేసరికి ఈ వాదనలు చప్పబడిపోతాయి, అదే బాధ. 2014లో విశాఖపట్నంలో మొదలైన అగెనెస్ట్ ఈవిల్ 2015లో ‘ఫేటల్ అసాల్ట్’, 2018లో ‘ఆల్ హెయిల్ ది కింగ్’, 2021లో ‘ఎండ్ ఆఫ్ ది లైన్’ తెచ్చింది. పాటలు ఇంగ్లిషులో ఉంటాయి. రెండు గిటార్లు జంటగా నడిచే తీరులో జూడాస్ ప్రీస్ట్ వారసత్వం స్పష్టంగా వినిపిస్తుంది. ఇది అసలుసిసలు హెవీ మెటల్, సందేహం అక్కర్లేదు. హైదరాబాదు మూలాలున్న గాడ్‌లెస్ 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ విడుదల చేసింది, అది డెత్ మెటల్ వైపు. ఆ పక్కన థ్రాష్ ఎంత ఉందో తేల్చడానికి ఒక సాయంత్రం పడుతుంది.

ఈ వారాంతం బస్సు ఎక్కే ముందు ‘ఆల్ హెయిల్ ది కింగ్’ ఫోన్‌లో పెట్టుకోండి. మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరుసగా వినండి, దాటవెయ్యకండి. ఆ తర్వాత వాదనకు రండి.