మిస్సమ్మకు దొరికిన ఇల్లు

1955లో ఎల్.వి. ప్రసాద్ తీసిన ‘మిస్సమ్మ’ను మనమూ నవ్వుకుంటూ చూశాం. మంచి సినిమానే. మా పేచీ ఆ నవ్వుతో కాదు, ముగింపుతో.

కథ అందరికీ తెలిసిందే. ఊళ్లో బడికి భార్యాభర్తలైన పంతుళ్లే కావాలంటారు. పెళ్లికాని ఎం.టి. రావు, మేరీ తాము దంపతులమని అబద్ధమాడి జమీందారు పంచన చేరతారు. క్రైస్తవ పిల్ల మేరీ అక్కడ మహాలక్ష్మి అవుతుంది. కొలువూ నీడా దొరకాలంటే పేరు మార్చుకోవాలి, మతం దాచుకోవాలి. ఇంటావిడ ప్రేమగానే తమ ఆచారాల్లోకి లాగుతుంటే మేరీ విసుక్కుంటుంది. ఆ విసుగును సావిత్రి దాచకుండా చూపింది. సినిమాలో నిజం పలికిన చోటు మాకు అదే.

చివరికి ఏమైంది? మేరీ ఎవరో కాదు, చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మే అని తేలింది. అబద్ధం కాస్తా నిజమైపోయింది. ‘పరాయి పిల్ల అని తెలిశాక కూడా ఇంట్లో ఉండనిస్తారా?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పే పని ఆ ఇంటివాళ్లకు తప్పిపోయింది.

మనకు ఆ ప్రశ్న తప్పదు. ఉట్నూరులోనో పాడేరులోనో భద్రాచలంలోనో కొత్తగా ఉద్యోగంలో చేరిన మన టీచరమ్మ గది అడిగితే, అద్దె మాట కంటే ముందు ‘మీరేమిట్లు?’ అన్న మాట వస్తుంది. ఆత్రం, మడావి, సోయం అని ఇంటిపేరు చెప్పగానే ‘నీసు వండుతారా? ఊరి నుంచి చుట్టాలొస్తారా?’ అంటారు. చిన్న పట్నం, అందరూ అందరికీ తెలిసినవాళ్లే. ఒక ఇంట్లో కాదన్నారంటే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. ఆ తర్వాత టూలెట్ బోర్డు వేలాడుతున్న గుమ్మంలోనే ‘నిన్ననే ఇచ్చేశాం’ అంటారు.

షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం చెబుతోంది. అదే నేల మీద మన పిల్లలు ఒక్క గది కోసం ఇంటిపేరు మింగుకుని నిలబడుతున్నారు. పేరు దాచుకున్నవాళ్లను మేము తప్పుపట్టం. దాచుకోవలసి రావడాన్నే తప్పుపడతాం. దాన్ని నవ్వులాటగా చూపి, చివర్లో ‘మా పిల్లే’ అని ముడి విప్పేసే కథను కూడా ప్రశ్నిస్తాం. మనవాళ్లయితేనే ఇల్లు అన్న కట్టుబాటు ఆ ముగింపులో చెక్కుచెదరలేదు కదా.

పంతుళ్లకు మాదొక మనవి. ఈ సినిమాను తరగతిలో చూపించండి. మేరీ చివరిదాకా మేరీగానే ఉండి ఉంటే జమీందారు ఏం చేసేవాడో పిల్లల్ని అడగండి. ఆ ఆఖరి సన్నివేశాన్ని వాళ్లనే, గోండీలోనో కోయలోనో, తమ ఇంటిపేర్లతో రాయమనండి.