కోకిల కావాలంటే కాకిని చూడండి

ఉగాది వెళ్లాక కోకిల కూత వినపడితే ఎవరైనా చెట్టుకేసి చూస్తారు. అది కనపడదు. పిట్టల్ని చూసే పిచ్చి ఉన్న మాలాంటివాళ్లం మాత్రం ఆ రోజుల్లో కాకి మీద కన్నేస్తాం. ముక్కున పుల్లో, ఇనపతీగ ముక్కో కరుచుకుని పదేపదే ఒకే కొమ్మకు పోతోందంటే అక్కడ గూడు కడుతోందన్నమాట. గూడు తెలిస్తే చాలు, కోకిలను వెతకక్కర్లేదు. గుడ్డు పెట్టడానికి అదే వస్తుంది.

చాలాసార్లు ముందు మగది వస్తుంది. నల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు. ఎప్పుడూ ఆకుల్లో నక్కి ఉండే పిట్ట, ఆ పూట గూటి ఎదుటే కూర్చుని గొంతు చించుకుంటుంది. కాకులు దాన్ని తరుముకుంటూ పోతాయి. ఆ సందులో తెల్లచుక్కల ఆడకోకిల గూట్లో దూరి పని ముగించుకుని పోతుంది. మా డాబా మీంచి ఆ తరుములాట చూస్తుంటాను గానీ, గుడ్డు పెట్టే క్షణం మాత్రం ఇంతవరకూ కంటపడలేదు.

కాకిదీ, కోకిలదీ రెండు గుడ్లూ లేత ఆకుపచ్చ ఛాయలో, గోధుమరంగు మచ్చలతో ఉంటాయి. కోకిలది కాస్త చిన్నది. కాకిగుడ్డు పొదగడానికి 16, 17 రోజులు పడితే దీనికి 12 నుంచి 14 రోజులు చాలు. ముందు తెరిచిన నోటికే ముందు ముద్ద! అయినా మన కోకిలపిల్ల తోటి గుడ్లను కిందికి తోసేయడం అరుదు. ఒక్కోసారి కాకిపిల్లలు కూడా దాని పక్కనే పెరుగుతాయి. ఇంత అదును చూసి పనిచేసే పిట్టను సోమరి అనడానికి నాకు నోరు రాదు.

నాకు దొరకని ఆ క్షణం ఇంగ్లండులో పిట్టల్ని గమనించే ఎడ్గర్ ఛాన్స్‌కు దొరికింది. అక్కడి కోకిల, అంటే కకూ, నేలమీద గుడ్డు పెట్టి ముక్కుతో మోసుకొస్తుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. నేరుగా గూట్లోనే, సెకన్లలో పెట్టేస్తుందని ఆలివర్ పైక్ చేత ఫిల్ము తీయించి మరీ చూపించాడు. ఛాన్స్ కిటుకూ ఇదే. కకూ వెంటపడకుండా, అది ఎంచుకునే మెడో పిపిట్ అనే చిన్నపిట్ట గూళ్లను ముందే కనిపెట్టి ఉంచేవాడు. కానీ ఆయన గుడ్లు పోగుచేసే మనిషి కూడా. పిపిట్ గుడ్లు తీసేస్తే అవి మళ్లీ గూడు కట్టేవి, కకూకు మళ్లీ చోటు దొరికేది. 1922లో ఒకే ఆడపిట్ట అలా 25 గుడ్లు పెట్టింది. ఆ ఓపికకు దండం పెడతాను, ఆ చేతివాటానికి పెట్టలేను.

మా పక్కింటి పిల్లాడికి మాత్రం కాకి మీద జాలి. "కోకిల గుడ్డు తీసేద్దామా అంకుల్?" అంటాడు. వద్దన్నాను. ఏది ఎవరిదో నీకెలా తెలుస్తుందిరా అంటే బుర్ర గోక్కున్నాడు. పైగా గూటి జోలికొచ్చిన వాడి నెత్తి కాకి అసలు వదలదు.